వెండి నాణెముపై ఇంద్రధనుస్సు

ఇంటిలోని వెండి గిన్నెలు, కుంకుమ భరిణెలు కొంతకాలము వాడక పెట్టెలో నుంచినచో నల్లబడుట అందరకు తెలిసినదే. పండుగ వచ్చుచున్నదనగా వానిని విభూతితో తోమి మరల తెల్లగా చేసికొందురు. నాణెములను సేకరించువారి పెట్టెలలో ఇంతకంటె చిత్రమైన మార్పు కానవచ్చును. అట్టతో చేసిన పెట్టెలోనో, ఆల్బములోనో కొన్ని దశాబ్దములు కదలక యున్న వెండి నాణెమును తీసి చూచినచో, అంచున నీలము, దానికి లోపల ఊదా, ఇంకను లోపల బంగారు పసుపు, నట్టనడుమ మొదటి తెల్లదనము—ఈ విధముగా రంగులు వలయములు తీరి యుండుట కలదు. ఆ నాణెమునకు ఎవరును రంగు పూయలేదు. దానిపై నున్న పొరను గీకి తీసి చూచినను అందు నీలము గాని, పసుపు గాని దొరకదు.

ఈ రంగులు 'ప్రూఫు' నాణెములనబడు వానిపై మిక్కిలి అందముగా కనిపించును. వీనికి కారణము తెలిసికొనుటకు 17వ శతాబ్దము నుండి 20వ శతాబ్దము వరకు అనేకుల కృషి అవసరమయ్యెను. ఆ కారణము తెలియకపోవుటచేత ఒక ప్రసిద్ధ సంగ్రహములోని నాణెములకు తీరని నష్టము కూడ కలిగెను.

ప్రూఫు నాణెమనగా నేమి?

చెలామణికి వచ్చు నాణెములను టంకశాలలు లక్షల కొలది ముద్రించును. అచ్చట వేగము ముఖ్యము. ముద్రింపబడిన నాణెములు ఒకదానిపై నొకటి పడి, సంచులలో రాచుకొని, గీతలు పడియే బజారుకు వచ్చును. ప్రూఫు నాణెము అట్టిది కాదు. అచ్చు సరిగా ఉన్నదో లేదో పరీక్షించుటకు తీసిన తొలి ప్రతులకు మొదట ఈ పేరు వచ్చెను. పిమ్మట కానుకలుగా ఇచ్చుటకును, సేకరించువారికి అమ్ముటకును ప్రత్యేక శ్రద్ధతో ముద్రించిన నాణెములకు అదే పేరు నిలిచెను. వీనికై అచ్చును అద్దమువలె మెరుగుపెట్టుదురు. ముద్ర వేయు లోహపు బిళ్ళను కూడ మెరుగుపెట్టుదురు. సాధారణముగా ఒకటికి మించి దెబ్బలు వేసి, అచ్చులోని ప్రతి గీత లోహముపై దిగునట్లు చేయుదురు. అందుచే నాణెపు నేల నున్నని దర్పణముగా తయారగును.

ఇంగ్లండులో బర్మింగుహాము సమీపమున సోహో టంకశాలను నెలకొల్పిన మాథ్యూ బౌల్టన్ 18వ శతాబ్దపు చివరి సంవత్సరములలో ఇట్టి నాణెములకు పేరు పొందెను. తూర్పు ఇండియా కంపెనీవారు ఉత్తర సర్కారులలో, అనగా తెలుగు కోస్తా జిల్లాలలో, చెలామణి కొరకు 1794 సంవత్సరపు ముద్రతో రూపాయిలో 48వ వంతు, 96వ వంతు విలువగల రాగి నాణెములను అక్కడనే ముద్రింపించిరి. వానికి ప్రూఫు ప్రతులును కలవు. సోహోలో కొన్ని రాగి ప్రూఫులకు చక్కని గోధుమవన్నె వచ్చునట్లు టంకశాలవారే ముందుగా ఒక ప్రక్రియ జరుపుచుండిరి. ఆ వన్నె మనుష్యుడు కోరి తెచ్చినది. వెండి ప్రూఫులపై తమంత తాము వచ్చు రంగుల సంగతి వేరు.

అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాల 19వ శతాబ్దపు మధ్యకాలము నుండి ప్రూఫులను ప్రజలకు అమ్మెను. లండనులోని రాయల్ మింటు 1887, 1893, 1902, 1911, 1927, 1937 సంవత్సరములలో ప్రూఫు వరుసలను విడుదల చేసెను. మన దేశమున 1969లో గాంధీజీ శతజయంతి సందర్భమున బొంబాయి టంకశాల ముద్రించిన పదిరూపాయల నాణెమునకు ప్రూఫు ప్రతులు కలవు. అది నూటికి 80 పాళ్ళు వెండి గల 15 గ్రాముల నాణెము.

హుక్ చూచెను, న్యూటన్ కొలిచెను

రంగుల రహస్యము టంకశాలలో గాక సబ్బు బుడగలో మొదట బయటపడెను. ఇంగ్లండు దేశస్థుడైన రాబర్ట్ హుక్ 1665లో ప్రకటించిన 'మైక్రోగ్రాఫియా' అను గ్రంథములో అభ్రకపు పలుచని రేకులపై కనిపించు రంగులను వర్ణించెను. సబ్బు బుడగల మీది రంగులును, ఉక్కును కాల్చునప్పుడు దానిపై తేలు పసుపు, ఊదా, నీలి వన్నెలును అదే కోవకు చెందినవని అతడు గ్రహించెను. వీనియన్నిటియందు ఉమ్మడిగా నున్నది ఒక్కటే: వెలుగు చొరగల మిక్కిలి పలుచని పొర. పొర మారినకొలది రంగు మారుచున్నదని హుక్ తెలిసికొనెను. కాని అంత పలుచని పొర మందమును కొలుచు ఉపాయము అతనికి దొరకలేదు.

ఆ ఉపాయమును ఐజాక్ న్యూటన్ కనిపెట్టెను. అతడు కొద్దిపాటి వంపు గల కటకమును చదునైన గాజుపై నుంచెను. రెండు గాజులు తాకుచోట వాని నడుమ గాలి లేదు; అచ్చటినుండి దూరము పోయినకొలది గాలిపొర మెల్లమెల్లగా దళసరి యగును. పైనుండి చూచినప్పుడు తాకుచోటు చుట్టును రంగురంగుల వలయములు కనిపించెను. కటకపు వంపు ముందే తెలిసినది గనుక, ఏ వలయము వద్ద గాలిపొర ఎంత మందమో లెక్క కట్టుట సాధ్యమయ్యెను. మొదటి నల్లని వలయము వద్ద ఆ మందము అంగుళములో 89,000వ వంతు అని న్యూటన్ తేల్చెను. ఈ కొలతలు 1704లో వెలువడిన అతని 'ఆప్టిక్స్' గ్రంథమున గలవు. కంటికి గాని, ఆనాటి సూక్ష్మదర్శినికి గాని అందని మందమునకు రంగే కొలబద్ద యయ్యెను.

కొలతలు సరిగా ఉన్నను కారణమును గూర్చి న్యూటన్ చేసిన ఊహ నిలువలేదు. 1801లో థామస్ యంగ్ లండను రాయల్ సొసైటీలో చేసిన ఉపన్యాసమున వెలుగు తరంగరూపమున ప్రయాణించునని వాదించి, న్యూటన్ కొలతల నుండియే వివిధ వర్ణముల తరంగదైర్ఘ్యములను లెక్కించి చూపెను. చెరువులో రెండు రాళ్ళు వేసినచో రెండు అలల వరుసలు ఒకదానితో నొకటి కలియును. శిఖరముపై శిఖరము పడినచోట అల పెరుగును. శిఖరముపై ద్రోణి పడినచోట నీరు కదలక నిలుచును. వెలుగునందును ఇట్లే జరుగును. దీనినే వ్యతికరణము అందురు.

మొదట పసుపే ఏల?

వెండి నాణెముపై పలుచని పొర ఏర్పడినదనుకొందము. దానిపై పడిన తెల్లని వెలుగులో కొంత పొర పైభాగమున పరావర్తనము చెందును. మిగిలినది పొరలోనికి పోయి, అడుగున నున్న వెండి దర్పణమునకు తగిలి వెనుకకు వచ్చును. ఈ రెండు భాగములును కన్నును చేరకముందే కలియును. రెండవది కొంత ఎక్కువ దూరము నడచినది గనుక, పొర మందమునుబట్టి ఏదో ఒక రంగు తరంగములు పరస్పరము రద్దగును. తెల్లని వెలుగునుండి ఒక రంగు పోగా మిగిలినదే కంటికి కనిపించును.

ఊదా, నీలముల తరంగదైర్ఘ్యము తక్కువ, ఎరుపునకు ఎక్కువ. కావున పొర మిక్కిలి పలుచగా నున్నప్పుడు ముందుగా ఊదా, నీలములు తగ్గిపోవును. మిగిలిన వెలుగు పసుపుగా తోచును. పొర మరికొంత పెరిగినచో ఆకుపచ్చ తొలగును. ఎరుపు, నీలము కలిసి ఊదా ఎరుపు వన్నె నిచ్చును. ఇంకను పెరిగినచో పసుపు, ఎరుపులు తొలగి నీలము నిలుచును. ఇంతవరకు పొర మందము మిల్లీమీటరులో పదివేలవ వంతు కూడ కాలేదు. ఆ తరువాత రంగు కొంత వెలిసి, మరల పసుపు, ఎరుపు వన్నెలతో రెండవ ఆవృత్తి ఆరంభమగును. చక్కని ఆకుపచ్చ ఇట్టి పై ఆవృత్తులలోనే కనిపించును. ఎరుపు, ఊదా రెండును ఒకేసారి తొలగినప్పుడు గాని ఆకుపచ్చ ఒంటరిగా నిలువదు. అందుకు పొర మరింత దళసరి కావలెను. పొర ఇంకను పెరిగినచో వెలుగు దానిలోనే ఇంకిపోవును. అప్పుడు మిగులునది ఇంటి గిన్నెలపై కనిపించు నలుపే.

అనగా రంగుల నాణెమును, నల్లబడిన గిన్నెయు ఒకే మార్గమున నడచుచున్నవి. నాణెము ఇంకను దారిలో నున్నది. గిన్నె గమ్యము చేరినది.

పొర ఎక్కడనుండి వచ్చినది?

ఇనుము తేమగాలిలో త్రుప్పు పట్టునట్లు వెండి గాలిలోని ఆక్సిజన్ మాత్రముచేత చెడదు. దానికి శత్రువు గంధకము. కుళ్ళిన గ్రుడ్డు వాసనకు కారణమైన హైడ్రోజన్ సల్ఫైడు వాయువు, వాసనకు అందనంత స్వల్పముగా నున్నను, వెండిని పట్టును. నాలుగు వెండి పరమాణువులు, రెండు హైడ్రోజన్ సల్ఫైడు అణువులు, ఒక ఆక్సిజన్ అణువు కలిసినచో వెండి సల్ఫైడును, రెండు నీటి అణువులును ఏర్పడును. గాలిలోని తేమ ఈ మార్పును త్వరపెట్టును. బొగ్గుపొగ, ఉన్ని, రబ్బరు, కొన్ని రకముల కాగితము, అట్ట మున్నగువానినుండి గంధకపు వాయువులు వెలువడును. నాణెపు వెండిలో కలిపిన రాగియు ఈ మార్పులో పాల్గొనుటచేత రంగులలో వైవిధ్యము హెచ్చును.

వెండిపై పెరుగు పొరను రంగుతో గుర్తించు పద్ధతి పనివాండ్రకు ముందే తెలిసియుండెను. 1839లో లోకమునకు వెల్లడియైన డాగెర్ ఛాయాచిత్ర పద్ధతిలో వెండి పూత గల రేకును అయొడిన్ ఆవిరిపై నుంచి, బంగారు పసుపు వన్నె రాగానే తీసెడివారు. ఆ వన్నెయే పొర తగినంత పెరిగినదనుటకు గుర్తు. 1920లో జర్మనీ రసాయన శాస్త్రజ్ఞుడు గుస్తావ్ టామన్ ఈ గుర్తును కొలతగా మార్చెను. అయొడిన్ ఆవిరిలో నుంచిన వెండిపై రంగులు మారు వేళలను గమనించి, పొర మందము కాలముతో సమముగా పెరుగుటలేదనియు, మందము రెట్టింపగుటకు నాలుగురెట్లు కాలము పట్టుననియు అతడు చూపెను. ఏర్పడిన పొరయే తరువాతి పెరుగుదలకు అడ్డుగోడ యగును.

అయితే అడ్డుగోడను దాటి వచ్చుచున్నది ఏది? గంధకము లోనికి పోవుచున్నదా, వెండి బయటికి వచ్చుచున్నదా? 1933లో కార్ల్ వాగ్నర్ వెండికిని గంధకమునకును నడుమ వెండి సల్ఫైడు బిళ్ళలను తూచి యుంచి, కొంతకాలము తరువాత మరల తూచి, ఈ ప్రశ్నకు సమాధానము కనుగొనెను. వెండియే బయటికి నడచుచున్నది. కావున నాణెముపై కనిపించు పొర బయటినుండి వచ్చి పడిన ధూళి వంటిది కాదు. వెండి సల్ఫైడులో 100 పాళ్ళకు సుమారు 87 పాళ్ళు నాణెపు వెండియే. ఈ ఒక్క విషయము మరచినందుననే అనేక నాణెములు చెడిపోయినవి.

ప్రూఫులకే ఈ అందమేల?

ఇందుకు రెండు కారణములు కలవు. మొదటిది నున్నదనము. దర్పణమువంటి నేలపై పొర సమముగా పరచుకొనును. అడుగునుండి వచ్చు వెలుగు చెదరదు. కావున రంగు నిండుగా కనిపించును. రెండవది ఏకాంతము. చేతులు మారు నాణెముపై పొర ఏర్పడినను రాపిడికి పోవును. ప్రూఫు నాణెమును ఎవరును బజారులో మార్చరు. టంకశాల ఇచ్చిన పెట్టెలోనే అది ఏండ్ల తరబడి పడియుండును.

అట్టి పెట్టెయే గంధకమునకు పుట్టిల్లు కావచ్చును. ఫిలడెల్ఫియా టంకశాల 1936 నుండి 1942 వరకు ప్రూఫులను సెల్లోఫేను సంచులలో నుంచి అమ్మెను. 1950లో అమ్మకము మరల మొదలైనప్పుడు సంచులను చిన్న అట్టపెట్టెలలో నుంచి పంపిరి. అందలి పది సెంట్ల, పావు డాలరు, అర డాలరు నాణెములలో నూటికి 90 పాళ్ళు వెండి. సేకరించువారు వాడిన అట్ట ఆల్బములలో నాణెము గుండ్రని రంధ్రములో ఇమిడి, దాని అంచు చుట్టును అట్ట తాకుచుండెడిది. అట్టనుండి వచ్చు వాయువు మొదట అంచును చేరి, అచ్చటినుండి మెల్లగా నడిమికి ప్రాకెను. అంచున పొర దళసరి, నడుమ పలుచన. కావున అంచున నీలము, లోపల ఊదా, ఆపై పసుపు వచ్చినవి. న్యూటన్ గాజుల నడుమ గాలిపొర చేసిన పనినే ఇచ్చట గంధకపు పొర చేసినది. ఆ వలయములు అట్టతో నాణెము చేసిన సహవాసమునకు గుర్తులు.

నాణెమును వ్రేళ్ళతో తాకినచో చెమటలోని లవణములు, నూనెలు దానిపై నిలిచి, కొన్నాళ్ళకు వ్రేలిముద్ర ఆకారముననే మచ్చ తేలును. అందుచే నాణెమును ఎల్లప్పుడు అంచులను మాత్రమే పట్టుకొనవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు.

తోమిన నాణెముల కథ

ఫిలడెల్ఫియా టంకశాలలో 1838లో ఒక నాణెసంగ్రహము నెలకొల్పబడెను. టంకశాల ముద్రించిన శ్రేష్ఠమైన ప్రతులను ముద్రించిన నాడే తీసి అందు చేర్చెడివారు. అంతకంటె సురక్షితమైన చోటు ఉండదని ఎవరైనను తలతురు. 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో అమెరికా నాణెశాస్త్రవేత్త ఫారన్ జెర్బీ ఆ సంగ్రహమును చూడబోయి, వెండి ప్రూఫులపై తెల్లని పూత వంటిది కనిపించగా కారణమడిగెను. సెలవుల కాలములో గది మూసియుండగా ఒక పనివాడు అత్యుత్సాహముతో మెరుగుపెట్టు మందును అంగడిలో కొనితెచ్చి, మాసిన నాణెములను తోమెనని తెలియవచ్చెను. జెర్బీ విచారించగా, అది అంత విశేషము కాదనియు, తన ఎనిమిదేండ్ల కాలములోనే వానిని మూడు నాలుగు మారులు శుభ్రపరచిరనియు అచ్చటి సంరక్షకుడు బదులు చెప్పెను.

ఇరువురకును దురుద్దేశము లేదు. మాసినది తోమవలెననునది ఇంటింట నున్న న్యాయమే. కాని గిన్నెకు వర్తించు న్యాయము ప్రూఫునకు వర్తింపదు. పొరతోపాటు దానిలో చేరిన వెండియు పోవును. తోముడు గీతలు దర్పణమును చెరచును. ఆమ్లము, థయోయూరియా కలిసిన ద్రావణములో ముంచినచో గీతలు పడవు గాని, సల్ఫైడుగా మారిన వెండి ద్రావణములోనికే పోవును. ముంచినకొలది నాణెపు మెరుపు మందగించును. అల్యూమినియము రేకు, చాకలి సోడా ద్రావణములతో సల్ఫైడును మరల వెండిగా మార్చుట సాధ్యమే. కాని ఆ వెండి అచ్చు దెబ్బతో కుదిరిన మునుపటి అమరికలో కూర్చుండదు. ఒకమారు కోల్పోయిన దర్పణమును తిరిగి తెచ్చు విద్య లేదు.

అట్లని రంగులను పెరుగనిచ్చుటయు మేలు కాదు. పొర నలుపువైపు సాగుచునే యుండును. కావున నేటి వస్తుసంరక్షకులు నాణెమునకంటె ముందు దాని పెట్టెను పరీక్షింతురు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున భూగర్భమున దాచిన వస్తువులు చెడినందున బ్రిటిష్ మ్యూజియము 1920లో అలెగ్జాండర్ స్కాట్ నాయకత్వమున ప్రయోగశాలను ప్రారంభించెను. ఆ మ్యూజియమునకు చెందిన ఆండ్రూ ఆడీ 1973లో ఒక సులభమైన పరీక్షను ప్రకటించెను. పెట్టెకు వాడదలచిన గుడ్డ, అట్ట మొదలగు పదార్థపు ముక్కను వెండి, రాగి, సీసపు రేకులతోపాటు గాజుపాత్రలో మూసి, కొంచెము తేమ చేర్చి, 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో 28 రోజులుంచుదురు. రేకులు మాసినచో ఆ పదార్థము పనికిరాదు. ఒక చిన్న వెండి రేకు సంగ్రహములోని నాణెములన్నిటి పక్షమున ముందుగా మాసి హెచ్చరించును.

నిజమును, నకలును

రంగుల నాణెములకు వెల హెచ్చగానే వానిని కల్పించువారును బయలుదేరిరి. గంధకముతో వేడిచేసియో, పొటాషియము సల్ఫైడు ద్రావణము తగిలించియో ఏండ్ల పనిని గడియలలో జరిపింతురు. ఇట్టివానిని గుర్తించుటలో హుక్, న్యూటన్, యంగ్‌ల పాఠము ఉపకరించును. సహజమైన పొర మందము ఒకచోటినుండి వేరొకచోటికి క్రమముగా మారును. కావున రంగులును తమ వరుస తప్పవు. మొదటి ఆవృత్తి పసుపునుండి నీలమునకు పోవు దారిలో ఊదా తగులవలసినదే. తెల్లని నేల ప్రక్కనే నడిమి వన్నెలు లేక ఒక్కసారి నీలము తేలినను, వరుసలేని రంగులు కలగాపులగముగా నున్నను అనుమానింపవలెను. తోమిన గీతల మీద రంగు పరచుకొన్నచో, మచ్చను దాచుటకు వేసిన ముసుగు కావచ్చును. ఈ గుర్తులు మాత్రమే తీర్పు చెప్పజాలవు గాని, ప్రశ్న ఎచ్చట వేయవలెనో చూపును.

రంగుల వరుసను తరగతిలో చూపుటకు విలువైన నాణెము అవసరము లేదు. మెరుగుపెట్టిన ఉక్కు రేకును పట్టుకారుతో పట్టి, ఒక కొనను సారాయి దీపముపై ఉపాధ్యాయుడు మెల్లగా కాల్చినచో చాలును. వేడి ప్రాకినకొలది పసుపు, ఊదా, నీలము ఒకదాని వెంట నొకటి రేకుపై నడచిపోవును. ఇచ్చటి పొర గంధకముది కాదు, ఆక్సైడుది. అయినను వరుస అదే. 1665లో హుక్ చూచినదియు అదే.

నాణెముపై టంకశాల వేసిన సంవత్సరమును ఎవరైనను చదువగలరు. తరువాత అది ఎట్టి పెట్టెలో, ఏ గాలిలో, ఎవరి చేతిలో నుండెనో చెప్పు వ్రాత ఈ పలుచని పొరయే. తోమినచో అది చెరగును. దానితోపాటు కొంత నాణెమును చెరగును. అందుచే పాత వెండి నాణెము దొరకినవారు విభూతి డబ్బాకు చేయి చాపకముందు, దానిని వెలుగులో ఒకమారు ఏటవాలుగా పట్టి చూచుట మంచిది.